రాజశ్రీ జ్వరం, బసవయ్య వడ్లు

రాజశ్రీకి మూడేళ్లలో అయిదుసార్లు టైఫాయిడ్ వచ్చింది. అయిదుసార్లూ వడ్లు కొనే రోజుల్లోనే వచ్చింది. వానకాలం పంట కోసి కుప్పలు పోయగానే ఒకసారి, ఎండాకాలపు యాసంగి కుప్పలు పోయగానే ఇంకోసారి. మధ్యలో ఎండన పడి తిరిగినా, వానకు తడిసినా, పెళ్లిళ్లలో నాలుగు రోజులు కంటికి కునుకు లేకపోయినా ఆమెకు తుమ్ము కూడా వచ్చేది కాదు. టైఫాయిడ్‌కు వడ్ల సీజన్ ఎలా తెలుస్తోందని అడగాలన్న ఆలోచన ఊళ్లో ఒక్కరికీ రాలేదు. ముందుగా రావాల్సింది రాజాబాబుకు. ఆయనకు అసలే రాలేదు.

బాన్సువాడను ఆనుకుని ఉన్న ఆ ఊళ్లో రాజాబాబు ఇరవై ఏళ్లుగా సూదులు వేస్తున్నాడు. పేరు ముందు డాక్టర్ అని ఆయన పెట్టుకోలేదు, ఊరే పెట్టింది. మనిషి మంచివాడు. కబురు పెడితే కంచం ముందు నుంచి లేచి వస్తాడు. కాకపోతే జ్వరాలకు ఆయన దగ్గర రెండే పేర్లు ఉండేవి. మూడు రోజుల్లో తగ్గితే వైరల్, తగ్గకపోతే టైఫాయిడ్. వేలు పొడిచి, చిన్న పట్టీ మీద రక్తపు చుక్క వేసి, కళ్లజోడు పైకి తోసి చూసి, "టైఫాయిడేనమ్మా, కొంచెం ఉంది" అనేవాడు. కిటికీ చువ్వకు సెలైన్ సీసా వేలాడేది. ఆ పైన పథ్యం. బ్రెడ్డు, పాలు, ఉప్పు లేని ఇడ్లీ. మూడు వారాలు గడిచేసరికి జ్వరం పోయేది. అప్పటికి వడ్ల ఆఖరి లారీ కూడా పోయేది. రెండూ కలిసే వెళ్తున్నాయని ఎవరూ గమనించలేదు. ఊరు మాత్రం తన వంతు పని తాను చేసింది. ఆమెకు టైఫాయిడ్ రాజశ్రీ అని పేరు పెట్టింది.

రాజశ్రీ పుట్టిల్లు బిచ్కుంద. ఇంటర్ పాసైంది. పదకొండేళ్ల కిందట బసవయ్య ఒక్కగానొక్క కొడుకు రాందాస్‌ను చేసుకుని ఈ ఊరికి వచ్చింది. ఎనిమిదేళ్లు ఆమె రాందాస్ భార్య, బసవయ్య కోడలు. అంతకు మించి పేరు లేదు. మూడేళ్ల కిందట మహిళా సంఘానికి వడ్ల కొనుగోలు సెంటర్ వచ్చింది. చదువుకున్న కోడలు కదా అని సంఘం అధ్యక్షురాలు బుజ్జమ్మ తేమ చూసే మీటర్ ఆమె చేతిలో పెట్టింది. ఆ మీటర్ పెద్ద వస్తువేమీ కాదు. గుప్పెడు వడ్లు పోసి మూత బిగిస్తే గింజలో తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది. పదిహేడు లోపు వస్తే వడ్లు కాంటా మీదికి ఎక్కుతాయి. దాటితే మళ్లీ ఎండలో పోయాలి. రైతులు ఆ తేమను మ్యాచర్ అంటారు. "రాజశ్రీ, జర నా మ్యాచర్ చూడు" అని మొదటిసారి ఒక రైతు పేరు పెట్టి పిలిచిన రోజు ఆమె ఇంటికి వెళ్లి అద్దంలో తన ముఖం తాను చూసుకుని నవ్వుకుంది. ఆ పని అంటే ఆమెకు ప్రాణం. ఎవరికీ చెప్పలేదు గానీ, సీజన్ కాని రోజుల్లో కూడా బీరువా తీసి మీటర్‌ను తుడిచి పెట్టేది.

పని ఇష్టమే. దానితో వచ్చిన చిక్కు వేరు. మీటర్ అంకె చూపిస్తుంది, నోరు విప్పి చెప్పాల్సింది మాత్రం మనిషి. మామ వరసలు, బావ వరసలు, తెల్ల తలపాగాల వాళ్లు చుట్టూ నిలబడి ముఖంలోకి చూస్తుంటే, "ఇంకా ఎండలే" అనాలి. వారం రోజులు కుప్ప పక్కనే కాపలా పడుకున్న మనిషితో ఆ మాట అనాలి. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని పుట్టింట్లో పెంచారు. ఎదురు నిలబడకూడదని అత్తింట్లో నేర్పారు. ఆమె అంకెను నోట్లోనే నమిలి, అటూ ఇటూ చూసి, చివరకు ఏ హమాలీతోనో చెప్పించేది. అలా మింగిన ప్రతి మాటా లోపలే ఉండిపోయేది.

ఇక బసవయ్య సంగతి. ఆ ఇంట్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. అది కోపమూ కాదు, పంతమూ కాదు, ఇంటి మర్యాద. అన్నం వడ్డించి, కొట్టంలో కట్టేసిన బర్రె వైపు తిరిగి, "బువ్వ పెట్టిన, సల్లారుతది" అనేది. బసవయ్య కూడా బర్రెనే చూస్తూ, "జర పులుసు పొయ్యమను" అనేవాడు. బర్రె ఇద్దరి మాటలూ విని నెమరు వేసుకునేది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో కాపురం సజావుగా సాగడంలో ఆ బర్రె పాత్ర చిన్నది కాదు.

అయితే సెంటర్లో బర్రె లేదు. పైగా బసవయ్య పళ్లకు ఊళ్లో మంచి పేరుంది. ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఎండనట్టు. నలభై ఏళ్లుగా ఊరి వడ్లు ఎండాయా లేదా అన్నది ఆయన దవడే తేల్చింది. ఆ దవడ ఎండాయన్న వడ్లను కోడలి చేతిలో మీటర్ ఎండలేదంటే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు జవాబు చూడాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. బసవయ్య కుప్ప వంతు వచ్చే రోజుకు రాజశ్రీ ఎప్పుడూ సెలైన్ సీసా కిందే ఉండేది.

పోయిన యాసంగిలోనూ అదే జరిగింది. ఆ రోజు మీటర్ పట్టిన బుజ్జమ్మ, పెద్దమనిషి ఎండాయన్నాడు కదా అని అంకె చూడకుండానే కాంటా పెట్టించింది. మిల్లు వాళ్లు లారీలో చెయ్యి పెట్టి చూసి వడ్లు తడిగా ఉన్నాయని లారీని వెనక్కి పంపారు. అందులో పదకొండు మంది వడ్లున్నాయి. దించి, ఆరబోసి, మళ్లీ ఎత్తడానికి నాలుగు రోజులు పట్టింది. ఎవరి వడ్లు తడివో అందరికీ తెలుసు. ఒక్కరూ పైకి అనలేదు. తప్పు మీటర్ మీద పడింది, మీటర్ పట్టాల్సిన మనిషి మీద పడింది.

ఈ వానకాలం సెంటర్ తెరిచే ముందు బుజ్జమ్మ ఇంటికే వచ్చింది. ఆమెది తాతల కాలంలో కోస్తా నుంచి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొని వచ్చిన కుటుంబం. మాట మాత్రం ఇక్కడిదే అయిపోయింది.

"నిన్ను తీసెయ్యాలని నాకు లేదు చెల్లె. కని సంఘంల అందరు అడుగుతున్నరు. గీసారి గూడ నడుమ పండుకుంటివనుకో, మీటర్ ఇంకొకరికి ఇయ్యాల్సి వస్తది. తర్వాత నన్నేమనొద్దు."

"పండుకోను అక్కా" అంది రాజశ్రీ. సెంటర్ తెరిచిన మూడో రోజుకే ఒళ్లు కాలిపోయింది. థర్మామీటర్లో నూట ఒకటి.

అదృష్టం అనాలో ఏమనాలో, ఆ వారం రాజాబాబు బంధువుల పెళ్లికని భీమవరం వెళ్లాడు. రాందాస్ మోటారు సైకిల్ మీద ఆమెను బాన్సువాడ దవాఖానకు తీసుకువెళ్లాడు. అక్కడ ఉన్నది హిబా అనే యువ డాక్టర్. బాన్సువాడ అమ్మాయే. రక్తం తీయించింది, మూత్రం పరీక్ష చేయించింది, ఊపిరి విన్నది. టైఫాయిడ్ లేదు, మలేరియా లేదు, డెంగీ లేదు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒళ్లు మాత్రం కాలుతోంది.

"గోలీ ఏస్తె తగ్గుతదా?" అని అడిగింది హిబా.

"తగ్గది మేడం. ఎప్పుడు తగ్గది. మూడు వారాలకు దానంతట అదే పోతది."

హిబా పాత చీటీలన్నీ అడిగి తీసుకుని బల్ల మీద తారీఖుల ప్రకారం పరిచింది. కాసేపు చూసి, "ఈ నెలలల్ల మీ ఊర్ల ఏం నడుస్తది?" అంది. రాందాస్, "వడ్లు కొంటరు మేడం" అన్నాడు. అన్నాక తన నోటి నుంచి వచ్చిన మాటను తానే విని భార్య వైపు చూశాడు. మూడేళ్లలో ఆ రెండింటినీ ఒకచోట చేర్చిన మొదటి మనిషి అతనే, అదీ అనుకోకుండా.

హిబా అప్పటికప్పుడు ఏమీ తేల్చలేదు. అయిదు రోజుల పాటు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం జ్వరం చూసి కాగితం మీద రాయమంది. పక్కనే ఆ పూట ఏం జరిగిందో కూడా రాయమంది. రాజశ్రీ వడ్ల అంకెలు రాసే అలవాటున్న మనిషి, పొల్లు పోకుండా రాసింది. అయిదో రోజు దవాఖానకు తెచ్చిన ఆ కాగితాన్ని చిన్న పిల్లకు చూపించినా అర్థమయ్యేది. సెంటర్ సెలవున్న ఆదివారం తొంభై ఎనిమిదిన్నర. తెలియని ఊరి రైతు వడ్లు చూసిన పూట తొంభై తొమ్మిది. వరసకు చిన్నమామ అయ్యే రైతుకు ఎండలేదని చెప్పాల్సి వచ్చి, హమాలీతో చెప్పించిన మధ్యాహ్నం నూట ఒకటిన్నర.

"అంటే నాటకమంటరా మేడం?" అంది రాజశ్రీ. ఆ మాట ఆమె చాలాసార్లు విన్నది. చీటికీ మాటికీ జ్వరం పేరు చెప్పి పడుకుంటుందని వీధి కొళాయి దగ్గర వెనక నుంచి అనగా విన్నది.

"నాటకమైతె థర్మామీటర్ ఎందుకు ఎక్కుతది? జ్వరం నిజమే. నేనే చూసిన గద. కని గిది క్రిములతోని వచ్చేది కాదు. మనసుల ఫికర్, భయం ఎక్కువైతె ఒకరికి తల నొస్తది, ఒకరికి కడుపు చెడుతది. కొందరికి ఒళ్లు గిట్ల వేడెక్కుతది. గోలీలు పనిచేసే జ్వరం వేరు, అందుకే నీకు అవి పనిచెయ్యలే."

"నాకొక్కదానికేనా?"

"నీకొక్కదానికెందుకు? పరీక్షలప్పుడు పిల్లలను తీసుకొస్తరు, గిదే ఉంటది. వయసుల ఉన్న ఆడవాళ్లల్ల ఎక్కువ చూస్త. అన్నీ లోపలేసుకొని నోరు మూసుకునేటోళ్లల్ల ఇంక ఎక్కువ. మొగోళ్లకు రాదని కాదు, వాళ్లు ఎండదెబ్బ అని చెప్పుకుంటరు." హిబా కాగితం మడిచి చేతికిచ్చింది. "డాక్టర్ చదువుల మొదటి సంవత్సరం నాకు గూడ వచ్చింది. నోటితోని అడిగే పరీక్ష అంటె చాలు, నూరు దాటేది."

రాజశ్రీ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. తెల్ల కోటు వేసుకున్న మనిషికి కూడా తనకొచ్చిన జ్వరమే వచ్చిందట. మూడేళ్లుగా గుండె మీద ఉన్న బరువు సగం అక్కడే దిగిపోయింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

"మరి సెంటర్ మానెయ్యాల్నా మేడం?"

"మానేస్తె జ్వరం పోతది. నీకు ఇష్టమైతె మానెయ్. ఇష్టం లేకపోతె, మింగుతున్న మాటను బయటికి తియ్యి. ఒక్క దినంల తగ్గదు, ఫికర్ చెయ్యకు. టైముకు తిను, నిద్ర పో. చలి వణుకు వచ్చినా, బరువు తగ్గినా, గిట్లనే ఎక్కువ రోజులు ఉన్నా మళ్ల రా."

ఇంటికి వచ్చాక రాజశ్రీ పచ్చికారం, నెయ్యి కలుపుకుని కడుపు నిండా అన్నం తిన్నది. జ్వరంతో ఉన్న మనిషి కారం తినడం చూసి అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. మర్నాడు రాజశ్రీ మళ్లీ మీటర్ పట్టుకుంది. కొత్త కష్టం ఏమిటంటే, ఇప్పుడు జ్వరం వస్తుంటే ఎందుకు వస్తోందో తెలుస్తోంది. దాన్ని దాటాలంటే ఎవరితో ఏం మాట్లాడాలో కూడా తెలుస్తోంది.

ఆ తర్వాత ఎనిమిదో రోజు బసవయ్య కుప్ప వంతు వచ్చింది. పది గంటలకే ముఖం వేడెక్కింది, చెవులు కాలుతున్నాయి. థర్మామీటర్ అక్కర్లేదు, ఆమెకు తెలుసు. బుజ్జమ్మ దగ్గరికి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"కాలుతుంది గదనే. నువ్వు నీడకు పో, మామది నేను చూస్త."

"వద్దక్కా. పోయినసారి నువ్వే చూసినవ్."

బుజ్జమ్మ చెయ్యి తీసేసి పక్కకు జరిగింది.

కుప్ప చుట్టూ ఇరవై మంది దాకా చేరారు. బసవయ్య గింజ కొరికాడు. టక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. ఆయన తల ఊపాడు. హమాలీలు సంచులు విప్పబోయారు. రాజశ్రీ కుప్ప మీది నుంచి గుప్పెడు తీసి మీటర్లో పోసింది. పదహారున్నర. అక్కడితో ఆపినా ఎవరూ అడగరు. కానీ ఆమె చేతిని మోచేతి దాకా కుప్పలోకి దింపింది. లోపలి వడ్లు చల్లగా తగిలాయి. పద్దెనిమిదిన్నర. కూర్చుని, అడుగున నేలకు ఆనుకున్న చోటు నుంచి ఇంకో గుప్పెడు తీసింది. ఇరవై.

రాందాస్ పక్కనే నిలబడ్డాడు. ఇంటి పద్ధతి ప్రకారం అంకె అతనికి చెప్పాలి, అతను తండ్రికి చెప్పాలి. అలా చెప్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. తండ్రి ఇంకో గింజ కొరికి చూపిస్తాడు, కొడుకు తల దించుకుంటాడు, వడ్లు లారీ ఎక్కుతాయి, లారీ వెనక్కి వస్తుంది. మీటర్ ఇంకొకరి చేతికి పోతుంది. మళ్లీ రాందాస్ భార్య, బసవయ్య కోడలు. భయం వేసింది, చాలా భయం వేసింది. ఆమె లేచి నిలబడి, తల మీది కొంగు సవరించుకుని, బసవయ్య ముఖంలోకి చూసింది.

"ఇరవై ఉంది మామా. ఎండలే."

బసవయ్యకు వెంటనే అర్థం కాలేదు. మ్యాచర్ సంగతి కాదు, ఆ మాట తనతో అన్నదని అర్థం కాలేదు.

"ఏమన్నవ్?" అన్నాడు. ఆయన కోడలితో నేరుగా అన్న మొదటి మాట అదే.

"మీరు కొరికింది పై గింజ మామా. పైన ఎండ తగిలి ఎండింది. నడుమల ఎండలే, అడుగున నేల చెమ్మ పట్టింది. చెయ్యి పెట్టి చూడుండ్రి."

బసవయ్య చొక్కా చేతులు మడిచి, మోకాళ్ల మీద కూర్చుని, కుప్ప అడుగు దాకా చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీశాడు. పంటి కింద పెట్టుకున్నాడు. ఈసారి చప్పుడు రాలేదు. గింజ మెత్తగా నలిగింది. ఇరవై మంది చూస్తుండగా ఆ పెద్దమనిషి నలిగిన గింజను అరచేతిలో ఉమ్ముకుని, వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు.

"నలభై ఏండ్ల సంది పైదే కొరుకుతున్న" అన్నాడు నెమ్మదిగా. లేచి, చేతులు దులుపుకుని, "రాందాస్, కుప్ప ఇప్పు. పలుచగ ఆరబొయ్యి. తర్వాతోళ్లను పిలువుండ్రి" అన్నాడు.

ఆ పూట రాజశ్రీ ఇంకా తొమ్మిది కుప్పలు చూసింది. మూడింటికి ఎండలేదని తన నోటితోనే చెప్పింది. ఒళ్లు కాలుతూనే ఉంది. అది కాలుతుంటే కాలనీ అనుకుంది, తన పని తనది. ఏ హమాలీతోనూ ఏమీ చెప్పించలేదు. చివరి కుప్ప దగ్గర బుజ్జమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చి, "ఇగ నిన్ను ఎవ్వరు తీసెయ్యరు చెల్లె" అంది.

సాయంత్రం మబ్బులు కమ్మాయి. వాన పడితే పరిచిన వడ్లన్నీ తడుస్తాయి. ఆపింది ఎవరు అంటే రాజశ్రీ పేరే వస్తుంది. ఆమె పరుగెత్తుకుని కల్లానికి వెళ్లింది. అప్పటికే బసవయ్య వడ్లు దగ్గరికి తోసి, మీద తాటిపత్రి పట్టా కప్పుతున్నాడు. ఒక కొస ఆమె చేతికిచ్చి, "గట్టిగ పట్టు, గాలికి లేస్తది" అన్నాడు. నాలుగు చినుకులు పడి మబ్బు విడిపోయింది. మర్నాడు ఎండ కాసింది. మూడో రోజు ఆ వడ్లు అడుగున కూడా పదహారు దాటలేదు. కాంటా అయ్యాయి, లారీ ఎక్కాయి. లారీ వెనక్కి రాలేదు. ఆ సీజన్‌లో ఆ సెంటర్ నుంచి వెళ్లిన ఒక్క లారీ కూడా వెనక్కి రాలేదు.

జ్వరం సంగతి కూడా చెప్పాలి. హిబా అన్నట్టే అది ఒక్క రోజులో పోలేదు. ఆ నెలలో ఇంకో రెండుసార్లు వచ్చింది, ఒకసారి నూరు, ఒకసారి నూరు కూడా లేదు. రాజశ్రీ పడుకోలేదు. పెళ్లి నుంచి తిరిగి వచ్చిన రాజాబాబు సంగతంతా విని, "అయితే టైఫాయిడ్ కాదంటారా" అని చాలాసేపు ఆలోచించాడు. ఆ తర్వాత ఎవరికి జ్వరం వచ్చినా, ఇంట్లో ఏం నడుస్తోందని ముందు అడగడం మొదలుపెట్టాడు. చాలామంది ఇళ్లల్లో చాలా నడుస్తున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

సెంటర్ మూడు రోజుల్లో మూస్తారనగా తండా నుంచి మోతీరాం వడ్లు తెచ్చాడు. మోతీరాం గొంతు పెద్దది, ఓపిక చిన్నది. పద్దెనిమిది అని రాజశ్రీ చెప్పగానే మీటర్ ఖరాబైందన్నాడు, ఆడోళ్లకు వడ్ల సంగతి ఏం తెలుసన్నాడు, బాన్సువాడ పోయి పెద్ద సార్లకు చెప్తానన్నాడు. రాజశ్రీ చెంపలు వేడెక్కాయి. అయినా అక్కడి నుంచి కదల్లేదు.

"ఎండలే అన్నా. రేపు ఒక్క దినం ఆరబొయ్యి, ఎల్లుండి పొద్దుగాల నేనే వచ్చి చూస్త" అంది.

మోతీరాం ఆమెను దాటి, వెనక సంచుల మీద కూర్చున్న బసవయ్య వైపు తిరిగాడు. "పెద్దమనిషివి, జర నువ్వన్న చెప్పు నీ కోడలికి. నీ పంటితోని కొరికి చూడు ఒకపారి."

బసవయ్య లేవలేదు. గింజా తీసుకోలేదు.

"నా వడ్లనే వాపస్ పంపింది మోతీరాం" అన్నాడు. ఆ మాటలో ఎంత గర్వం ఉందో ఆయన దాచుకోలేదు. "నీయి తీసుకుంటదా?"